ఏడో నంబరు బస్సు లెక్క

ప్రియమైన అన్నయ్యకు,

మోకాలి కుట్లు విప్పారని వదిన రాసిన కార్డు అందింది. మెట్లు ఎక్కొద్దని డాక్టరు చెప్పిన మూడో రోజే నువ్వు డాబా మీద కనపడ్డావని కూడా రాసింది. ముప్ఫై ఒక్క ఏళ్లు ఇంజను పక్కన కూర్చుని ఎడమ చెవి పోగొట్టుకున్నావు. ఇప్పుడు కాలు కూడా పోగొట్టుకుంటే నిన్ను మోసే ఓపిక మాకెవరికీ లేదు. ఫోన్ చేసి తిడదామంటే సగం నీకు వినపడదు, మిగతా సగం వినపడనట్టు నటిస్తావు. అందుకే కాగితం మీద తిడుతున్నాను.

ఇక్కడ నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. మున్సిపాలిటీ బడ్జెట్ ఈసారి ఎటు తిప్పినా కూడటం లేదు. పైనుంచి రావలసిన వాటాలో మూడో వంతు కోసేశారు. కౌన్సిల్ ఆమోదానికి ఆరు వారాలే గడువు. బల్ల మీద బడ్జెట్ అధికారి అని నా పలక ఉంది కాబట్టి, ఏం మూసేయాలో చెప్పమని అందరూ నా మొహమే చూస్తున్నారు.

మూసేవి జనానివి కదా, జనాన్నే అడుగుదాం అన్నాను. కమిషనరు గారు నవ్వి, "అడిగితే అన్నీ కావాలంటారమ్మా" అన్నారు. "అన్నీ అనే వీల్లేకుండా అడుగుదాం సార్" అన్నాను. టౌన్ హాల్లో ఐదు గాజు సీసాలు పెడతాను. సాయంత్రం లైబ్రరీకి ఒకటి, ఈత కొలనుకి ఒకటి, పార్కుకి ఒకటి, సందుల్లో వీధిదీపాలకి ఒకటి, ఏడో నంబరు బస్సుకి ఒకటి. వచ్చిన ప్రతి మనిషికీ పది గుండీలు ఇస్తాం. ఏది నిలబడాలనుకుంటే ఆ సీసాలో వేస్తారు. అన్నిటికన్నా తక్కువ పడిన రెండూ ఆగిపోతాయి. గుండీల కోసం అమ్మ కుట్టు మిషను పక్కనుండే రేకు డబ్బా అటక మీంచి దింపాను. మూత తీస్తే ఇంకా మిషను నూనె వాసనే వచ్చింది. 

అవును, సరిగ్గానే చదివావు. ఏడో నంబరే, మన గుట్ట మీదికి పోయే నీ బస్సే. ఇంకొకరి నోట వినేముందు నేనే చెబుదామనుకున్నాను. ట్రిప్పుకి సగటున ఇరవై టికెట్లు పడకపోతే రూటు తీసేయవచ్చన్న నిబంధన నీకు తెలిసిందే. డిపోలో రోజూ టికెట్ల పెట్టె విప్పి లెక్కపెట్టిన పుస్తకాలు నా ముందున్నాయి. ఆ నిబంధన వచ్చాక నువ్వు నడిపిన తొమ్మిదేళ్లూ ఇరవై ఎనిమిదికి తగ్గలేదు. నువ్వు దిగిపోయిన ఈ ఏడాదిన్నరలో పంతొమ్మిదికి పడిపోయింది. ఒకే ఒక్క టికెట్ తక్కువ. గుట్ట మీది వాళ్లకి మోజు బస్సు మీద కాదు, నీ మీదన్నమాట.

అంతమంది ఒక్కసారిగా ఎటు పోయారో నీకేమైనా తడితే రాయి. నాకు లెక్కలు వచ్చిందే ఆ బస్సులో. బడి వదలగానే నీ వెనక సీట్లో కూర్చుని, ఎక్కేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టి నీకు గట్టిగా చెప్పేదాన్ని. ఆ బస్సుని నా చేత్తో కొట్టేయడం నా వల్ల కాదు.

డాబా ఎక్కకు.

నీ చెల్లి

*

ప్రియమైన లెక్కలమ్మకు,

అన్న ఆశీస్సులు. డాబా ఎక్కలేదు, నాలుగు మెట్లు ఎక్కి దిగాను, అంతే. మీ వదిన నాలుగుని నలభై చేసి రాస్తుంది.

కాలు బాగయ్యేదాకా ఉంటున్న ఈ బావమరిది ఇంట్లో నాకు ఏ లోటూ లేదు, పని తప్ప. ఆయన పొద్దున్నే పేపరంతా పైకి చదువుతాడు. నా ఎడమ చెవి ఆయన వైపు తిప్పి కూర్చుంటాను. కిటికీలోంచి వీధి చివర బస్టాపు కనపడుతుంది. ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమో మీ వదినకి చెబుతుంటే, "దాని జీతం నీకివ్వరు" అంటుంది. కాలు కదలకపోతే మనసు ఇంకా ఎక్కువ తిరుగుతుందని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. పంతొమ్మిది అని రాశావు. సరిగ్గా చూశావా? పన్నెండు కాదూ? ఇంకోసారి చూడు.

జనం ఎటు పోయారంటే నేనేం చెప్పను? కొత్త డ్రైవరు బ్రేకు గట్టిగా వేస్తాడేమో. ఆ సంగతి వదిలెయ్. నీకొక్కటే చెబుతాను, ఆ బస్సుని సీసాల్లో పెట్టకు. మీ సభ టౌన్ హాల్లో సాయంత్రం ఆరున్నరకని మీ వదిన చెల్లెలు రాసింది. గుట్టకి ఏడో నంబరు కిందనుంచి బయల్దేరేది ఆరుంపావుకి. ఆ తర్వాత ఇంకోటి లేదు. బస్సుని కాపాడుకోవడానికి గుట్ట వాళ్లు నీ సభకొస్తే, ఆ రోజు బస్సు పోగొట్టుకుని చీకట్లో ముప్పావు గంట గుట్టెక్కాలి. నీ సీసాలో వాళ్ల గుండీ ఎలా పడుతుంది?

పెద్ద చదువులు చదివావు గానీ బస్సు టైము చూసుకోలేదు. తిట్టడం లేదు. ఆ బస్సు జోలికి పోకుండా ఎలాగైనా గట్టెక్కించు. ఎలా అని అడగకు.

ఉత్తరం ఆలస్యమైతే తప్పు నాది కాదు, బావమరిది పోస్టు డబ్బా దాకా నడిచే వేగానిది.

నీ అన్న

*

ప్రియమైన అన్నయ్యకు,

నీ ఉత్తరం సభ అయిన మర్నాడు అందింది. చదివి తల పట్టుకున్నాను. ఆరున్నర అని నిర్ణయించింది నేనే. ఆఫీసుల వాళ్లు ఇళ్లకు వెళ్తూ రాగలరని అనుకున్నాను. గుట్ట వాళ్లు ఎలా వస్తారన్న ఊహే నాకు రాలేదు, గుట్ట మీద పుట్టిన నాకు.

సభకు నూట నలభై ముగ్గురు వచ్చారు. ఒక పెద్దాయన పదికి పది గుండీలూ ఈత కొలను సీసాలో పోసి, ఎవరైనా మాట్లాడితే ఈదేస్తానన్నట్టు నిలబడ్డాడు. ఒకావిడ అరగంట ఆలోచించి, వేసిన గుండీని వెనక్కి తీయవచ్చా అని అడిగింది. ఇంకొకాయన చొక్కాకి గుండీ తెగిందని ఒకటి జేబులో వేసుకున్నాడు. నేను చూసీ చూడనట్టున్నాను. నవ్వుకున్నారు, పోట్లాడుకున్నారు, తొలిసారి మా ఆఫీసు మాట విన్నారు. 

వీధిదీపాలూ లైబ్రరీ సీసాలు నిండాయి. కొలను ఫరవాలేదు. పార్కుకి తక్కువ. ఏడో నంబరు సీసాలో అడుగున నాలుగు గుండీలు. ఆ నాలుగింటిలో ఒకటి నేనే వేశాను. ఎవరితోనూ అనకు.

ఒక కౌన్సిలరు, కాంట్రాక్టులు చేసే ఆయన, సీసా పైకెత్తి గలగలలాడించి, "దీనికి లెక్కపెట్టడం కూడా దండగే" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడ్డాను. ఇక్కడ గుండీలు నాలుగే కావచ్చు, కానీ తొమ్మిదేళ్ల పుస్తకాలున్నాయి, రోజూ ఇరవై ఎనిమిది మంది ఎక్కిన బస్సు ఇది, ఈ మధ్య ఏదో జరిగింది, అదేమిటో తేలకుండా తీసేయడం తప్పు అన్నాను. "ఆ పుస్తకం నిజమేనా?" అన్నాడాయన. "అందులో ఒక్క అంకె అబద్ధమైతే ఈ కుర్చీ వదిలేస్తాను" అన్నాను. అందరి ముందూ అన్నాను. మూడు వారాల గడువిచ్చారు. రెండో సభ గుట్ట మీది బడిలో, సెలవు రోజు పొద్దున. ఈసారి బస్సు టైము చూసే పెట్టాను.

పుస్తకం మళ్లీ చూశాను. పంతొమ్మిదే. అయితే నువ్వు పన్నెండని ఎందుకు అడిగావు? పదకొండు కాదు, పదిహేను కాదు, పన్నెండని ఎందుకు రాశావు? ఆ మాట నన్ను చెవిలో జోరీగలా పట్టుకుంది.

వదిన ఇంకో వింత రాసింది. బావమరిది గారు పేకాటకి కూర్చోబెడితే నీకు ముక్కలు పట్టుకోవడం కూడా రాలేదట. తొమ్మిదేళ్లు నీ జీతంలో ఆరో వంతు పేకాటలో పోయిందని వదిన నిన్ను సాధించింది. నేనూ రెండుసార్లు చివాట్లు పెట్టాను. నువ్వు ఒక్కసారైనా కాదనలేదు. పేక రాని మనిషి పేకాటలో ఎలా పోగొట్టుకుంటాడు అన్నయ్యా?

జవాబు తొందరగా రాయి. నేనే పోస్టు డబ్బా దగ్గర కాపలా కాసేలా ఉన్నాను.

నీ చెల్లి

*

లెక్కలమ్మా,

కుర్చీ వదిలేస్తానన్నావని చదివిన దగ్గర్నుంచి ముద్ద దిగడం లేదు. ఇక నీళ్లు నమిలి లాభం లేదు.

ఆ పుస్తకంలో అంకె అబద్ధం. నేను చేశాను.

పదకొండేళ్ల కింద సబ్బుల ఫ్యాక్టరీ మూతపడింది. అంతకుముందు ఏడో నంబరులో నిలబడటానికి చోటుండేది కాదు. మూతపడిన నెలకే సగం సీట్లు ఖాళీ. ఆ మరుసటి ఏడు ఇరవై టికెట్ల నిబంధన వచ్చింది. ఆ నోటీసుని నా సీటు వెనక నేనే జిగురు పెట్టి అంటించాను. అంటించి అద్దంలో చూస్తే పన్నెండు మంది. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే ఆవిడ, ఇద్దరు ఆయాలు, బేకరీ మేస్త్రి, బడి వాచ్‌మన్, కళ్లు సరిగ్గా కనపడని ట్యూషను మాస్టరు, మిగతా వాళ్లు. పొద్దున వాళ్లే దిగుతారు, సాయంత్రం వాళ్లే ఎక్కుతారు. ఇంకో దారి లేని వాళ్లు.

టికెట్లు కొట్లలో అమ్ముతారు కదా, ఎవరైనా ఎన్నైనా కొనుక్కోవచ్చు. ఎక్కేవాళ్లు నా పక్కనున్న పెట్టెలో వేసి లోపలికి పోతారు. పన్నెండు తలలు లెక్కపెట్టుకుని, అందరూ ఎక్కేశాక వచ్చే గుట్ట మలుపులో, నా జేబులోంచి తొమ్మిది టికెట్లు తీసి వేసేవాణ్ని. ఇరవై ఒకటి చేసేవాణ్ని, ఇరవై అయితే మరీ అనుమానం వస్తుందని. రోజుకి రెండు ట్రిప్పులు, పద్దెనిమిది టికెట్లు. ఒకే కొట్లో కొంటే అడుగుతారని నాలుగు కొట్లు మార్చి కొనేవాణ్ని. మీ వదిన జీతం ఏమైందని నిలదీసిన రోజు నోటికి పేకాట అని వచ్చింది. ఒకసారి అన్నాక అదే ఖాయమైపోయింది.

వాళ్ల కోసమే చేశానని రాస్తే అది ఇంకో అబద్ధమవుతుంది. రూటు తీసేస్తే నన్ను డిపో యార్డులో బస్సులు కడిగించే పనిలో వేసేవాళ్లు. ఆ మలుపు దగ్గర పొద్దున్నే ఊరంతా కింద కనపడేది, అది లేకుండా బతకలేననుకున్నాను. సగం వాళ్ల కోసం, సగం నా కోసం.

రిటైరయ్యాక ఆ తొమ్మిదీ ఆగిపోయాయి. ఏదో ఒక రోజు నీ బల్ల మీదికి వస్తుందని తెలుసు. వస్తే కూడా పన్నెండు అని వస్తుందనుకున్నాను. పంతొమ్మిది ఎలా వచ్చిందో నాకు తెలియదు.

ఈ ఉత్తరం చించెయ్యాలనిపిస్తే చించెయ్. నువ్వు నన్నేమీ అడగలేదు, నేనేమీ రాయలేదు. నీ కుర్చీ కన్నా నాకేదీ ఎక్కువ కాదు.

నీ అన్న

*

అన్నయ్యకు,

ప్రియమైన అని రాయడానికి ఈసారి చెయ్యి రాలేదు.

మొదట కోపమే వచ్చింది. నీ పెన్షను గురించో నా కుర్చీ గురించో కాదు. రూటు పుస్తకంలో ఇరవైకి తగ్గితే మా ఆఫీసు నుంచి ఒక మనిషి వెళ్లి కనుక్కోవాలి. ఎందుకు తగ్గింది, ఎవరెక్కుతున్నారు, ఎవరెక్కడం లేదు అని అడగాలి. నీ తొమ్మిది టికెట్ల వల్ల తొమ్మిదేళ్లు ఒక్కరూ గుట్ట ఎక్కలేదు. పుస్తకం బాగుంది కాబట్టి గుట్ట కూడా బాగుందనుకున్నాం. నువ్వు బస్సుని నిలబెట్టావు, దాని జబ్బుని దాచిపెట్టావు. రెండూ నువ్వే చేశావు.

ఇంకొకటి. చెప్పేదేదో పూర్తిగా చెప్పు. ఇరవై ఒకటి చేశానంటున్నావు. పుస్తకంలో ఇరవై ఎనిమిది ఉంది. నువ్వు దిగిపోయాక పన్నెండు ఉండాలి, పంతొమ్మిది ఉంది. ముందూ ఏడే తేడా, తర్వాతా ఏడే తేడా. ఆ ఏడు ఎవరివి? డిపో గుమస్తాతో కుమ్మక్కయ్యావా? నాలుగు రాత్రులుగా ఆ ఏడు నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ఇంత రాసి, ఉత్తరం మడిచి, మళ్లీ విప్పాను. నిన్ను తిట్టడానికి నాకేం మొహముంది?

సీసాలు ఐదు కాదన్నయ్యా, ఆరు. ఆరోది కౌన్సిల్ వాహనాలు. సభ్యుల పర్యటనల కోసం కొన్న ఇరవై రెండు సీట్ల వ్యాను రేకుల షెడ్డులో పరదా కప్పుకుని ఉంది. నెలకి రెండు రోజులు తిరుగుతుంది. దానికో డ్రైవరు, డీజిలు, బీమా. నేను ఆరో సీసా మీద కాగితం కూడా అంటించాను. సభకు ముందురోజు కమిషనరు గారు పిలిచి, "ఇది జనం ముందు పెట్టేది కాదమ్మా" అన్నారు. నేను కాగితం చింపేసి, సీసాలో పెన్నులు పెట్టుకున్నాను. ఇప్పుడది నా బల్ల మీదే ఉంది. జనాన్ని అడిగానని ఊరంతా నన్ను మెచ్చుకుంటోంది. ఏం అడగాలో ముందే కోసి పెట్టి అడిగాను. నీదీ నాదీ ఒకే పని. నువ్వు జేబులోంచి డబ్బు పెట్టి చేశావు, నేను జీతం తీసుకుని చేశాను.

రెండో సభ వచ్చే వారమే. గుట్ట మీద వాళ్ల ముందు ఏ మొహంతో నిలబడను? పుస్తకం నిజమేనని మళ్లీ చెప్పాలా? నీ పేరు చెప్పాలా? నాకేం తోచడం లేదు. ఒక నిమిషం చెప్పేస్తాననుకుంటాను, మరు నిమిషం నీ పెన్షను గుర్తొస్తుంది.

చెల్లి

*

ప్రియమైన చెల్లాయికి,

నువ్వు రాయకపోయినా నేను రాస్తున్నాను, ప్రియమైన అని.

ఒట్టు, ఇరవై ఒకటే. డిపో గుమస్తాకి నేనంటే పడదు, కుమ్మక్కయ్యే రకం కాదు. ఆ ఏడు నావి కావు. అవెవరివో తెలియక నాకూ పిచ్చెక్కుతోంది.

మీ వదినకి చెప్పేశాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు టీ గ్లాసు పెడుతూ, "పేకాట అనుకున్నప్పుడే సుఖంగా ఉండేది. తిట్టుకోవడానికి ఒకటుండేది" అంది. తర్వాత వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. తొమ్మిదేళ్లు దాన్ని ఉత్తపుణ్యాన ఏడిపించానని ఆ రోజు తెలిసింది. డబ్బు కన్నా అది పెద్ద తప్పు. నీ ఉత్తరం చదివాక అంతకన్నా పెద్దది ఇంకోటి ఉందని తెలిసింది. గుట్ట వాళ్ల తరఫున నేనొక్కణ్నే అన్నీ అనేసుకుని, వాళ్లని నోరు విప్పనివ్వలేదు.

నా ఉత్తరం సభలో చదువు. ఊరికే ఒక డ్రైవరు అని చదవకు, మీ అన్న అని చెప్పి చదువు. పెన్షను పోతే బావమరిది పేపరు చదువుతుంటే వింటూ బతికేస్తాను, అంతకన్నా పెద్ద శిక్ష వాళ్లు వెయ్యలేరు. పెన్నులు తీసి ఆ సీసా కూడా పట్టుకెళ్లు.

నేనే రావాలని ఉంది. కాలు ఇంకా మడత పడటం లేదు. సభ రోజు పొద్దున ఆ కిటికీ దగ్గరే కూర్చుంటాను.

నీ అన్న

*

ప్రియమైన, ఎంతో ప్రియమైన అన్నయ్యకు,

మూడు వారాలుగా ఎందుకు రాయలేదంటే, చివరిదాకా చూసి రాద్దామని. వరసగా చెబుతాను.

సభ రోజు ఆరు సీసాలూ పట్టుకుని పొద్దున్నే ఖాళీగా పైకి పోయే ఏడో నంబరులోనే గుట్టెక్కాను. కమిషనరు గారు కారులో వచ్చారు. ఆరోది చూసి మొహం చిన్నబుచ్చుకున్నారు గానీ, అంతమంది ముందు ఏమీ అనలేదు. బడిలో బెంచీలు చాలక పిల్లల పలకల గదిలోంచి కూడా తెచ్చారు. కిందసారి సీసా గలగలలాడించిన కౌన్సిలరు ముందు వరసలో కూర్చున్నాడు.

ముందు నా సంగతి చెప్పాను. ఈ సీసా పోయినసారి ఎందుకు లేదో చెప్పాను. తర్వాత పుస్తకంలో అంకె తప్పని, ట్రిప్పుకి ఏడు టికెట్లు ఎవరివో ఇంకా తేలలేదని చెప్పి, అది ఎవరు చేశారో చెప్పి, నీ ఉత్తరం తీసి చదివాను. మలుపులో ఊరంతా కనపడేదని నువ్వు రాసిన చోట ఆగాను. మంచినీళ్లు తాగి మళ్లీ చదివాను.  కౌన్సిలరు, "అయితే పన్నెండు మందే. తేలిపోయింది" అని లేవబోయాడు.

అప్పుడు లాండ్రీ ఆవిడ లేచింది. చేతులు ఎర్రగా, నీళ్లలో నాని ముడతలు పడి ఉన్నాయి.

"కూర్చోండి సార్, ఇంకా తేలలేదు" అంది. "ఆ ఏడు మావి. మేం ఏడుగురం రెండేసి వేసేవాళ్లం."

నాకు అర్థం కాలేదు. "ఎందుకమ్మా?" అన్నాను.

"ఎందుకేంటమ్మా. అద్దంలో ఆయనకి మేం కనపడితే, మాకు ఆయన కనపడరా? మలుపొచ్చేసరికి జేబులో చెయ్యి పెట్టేవాడు. మొదటి నెలలోనే చూశాం. పిల్లలున్న మనిషి, అంతా ఆయన నెత్తినేనా అనుకున్నాం. మా ఏడుగురికీ కాస్త వెసులుబాటుంది, రెండు టికెట్లు మడిచి ఒక్కటిలా వేసేవాళ్లం. చెబితే వద్దంటాడని చెప్పలేదు."

నువ్వు తలలు లెక్కపెట్టావు గానీ చేతులు చూడలేదన్నయ్యా. నువ్వు వాళ్లకి తెలియకుండా, వాళ్లు నీకు తెలియకుండా, అందరూ మాకు తెలియకుండా తొమ్మిదేళ్లు ఆ బస్సుని మోశారు. నువ్వు దిగిపోయాక కూడా వాళ్లు మానలేదు.

"ఇప్పుడు పంతొమ్మిదే పడుతున్నాయమ్మా. ఒక్కటి తక్కువైంది, అందుకే ఇదంతా" అన్నాను.

ఆవిడ కళ్లు పెద్దవి చేసింది. "ఒక్కటా? ముందే చెబితే నేనే వేసేదాన్ని కదా."

బడంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ఒక్కటి తక్కువన్న అంకె ఏడాదిన్నరగా మా గదిలో బీరువాలో ఉంది. దాన్ని గుట్ట దాకా తీసుకొచ్చి చూపించాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

తర్వాత ఇక ఆగలేదు. అందరూ మాట్లాడారు. ఇంత పెద్ద బస్సు మాకెందుకని బేకరీ మేస్త్రి అన్నాడు. వెనక బెంచీలోంచి ఒక నర్సు లేచి, గుట్ట మీంచి ఆస్పత్రికి ముప్ఫై మందిదాకా వెళ్తారనీ, ఆరున్నరకల్లా డ్యూటీలో ఉండాలనీ, బస్సు బయల్దేరేదే ఆరున్నరకనీ చెప్పింది. వాళ్లంతా రోజూ నడిచే దిగుతారట. బస్సు టైము సబ్బుల ఫ్యాక్టరీ షిఫ్టుకి పెట్టింది. ఫ్యాక్టరీ పోయి పదకొండేళ్లయినా బస్సు దాని కోసమే వెళ్తోంది. "నలభై నిమిషాలు ముందుకి జరపండి, మేమెక్కుతాం" అందా అమ్మాయి. ఇంతే మాట. పదేళ్ల కింద ఎవరైనా అడిగుంటే అప్పుడే చెప్పేవాళ్లు. ఇది నిన్ను పొడవడానికి రాయడం లేదు, నీకు తెలియాలని రాస్తున్నాను.

గుండీలు పంచాం. ఆరో సీసాలో ఒక్క గుండీ పడలేదు. ఖాళీ సీసా పైకెత్తి కౌన్సిలరు ముందు పెట్టాను. గలగలలాడించలేదు. ఆయనే దాన్ని చూసి, వ్యాను ఎన్ని సీట్లది అని అడిగాడు.

పోయిన వారం కౌన్సిల్ తీర్మానం అయింది. పెద్ద బస్సు ఆగిపోయింది. దాని బదులు కౌన్సిల్ వ్యాను, పొద్దున ఐదూ యాభైకి, సాయంత్రం మామూలుగా ఆరుంపావుకి. మూడు నెలలు చూస్తారు. తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు. నెలనెలా టికెట్ల లెక్క వ్యానులోనే అంటించాలని గుట్ట వాళ్లు పట్టుబట్టి రాయించుకున్నారు. పార్కు మాత్రం నిలబడలేదు. దాని గేటుకి తాళం పడింది, దానికోసం తిరుగుతున్న వాళ్ల మొహాలు చూడలేకపోతున్నాను.

నీ మీద విచారణ వేశారు. డబ్బు తిన్నవాళ్లకి శిక్షలున్నాయి గానీ, ఎక్కువ కట్టినవాళ్లకి ఏ శిక్ష వెయ్యాలో నిబంధన దొరకలేదట. ఇంకా వెతుకుతున్నారు. పెన్షను జోలికి రారనే అనుకుంటున్నాను, కానీ మాట ఇవ్వలేను. నేను ఆ రోజే కుర్చీ వదిలేస్తానని కాగితం ఇచ్చాను. అది తీసుకోలేదు, కానీ నన్ను జనన మరణాల విభాగంలోకి మార్చారు. చెప్పకుండా సీసా పెట్టినందుకు మెమో కూడా ఇచ్చారు. ఆరో సీసా కొత్త బల్ల మీద పెట్టుకున్నాను. పెన్నులు వెయ్యబుద్ధి కాలేదు.

నిన్న వ్యాను మొదటి రోజు. నేనూ గుట్ట మీద ఎక్కాను. ఇరవై రెండు సీట్లూ నిండి, నలుగురు నిలబడ్డారు. నన్ను కలిపి ఇరవై ఆరు తలలు, పాత అలవాటు కొద్దీ వేళ్ల మీద లెక్కపెట్టాను. లాండ్రీ ఆవిడ ఎక్కుతూ రెండు టికెట్లు మడిచి పెట్టె మీద చెయ్యి పెట్టింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ నా మొహం చూసి, ఒకటి వేసి, రెండోది నా చేతిలో పెట్టింది. "ఇది మీ అన్నకివ్వమ్మా. ఆయన మాకు చాలా బాకీ ఉన్నాడు, వచ్చి తీర్చమను" అంది.

ఆ టికెట్ ఈ కవర్లో పెట్టాను. నేను వేస్తే లెక్క తప్పుతుంది. మోకాలు మడత పడగానే వదినని తీసుకుని రా. మలుపు వైపు సీటు అడిగి కూర్చో. టికెట్ నీ చేత్తో నువ్వే వెయ్యి. ఒక్కటే వెయ్యి.

నీ చెల్లి